నాలుగు చక్రాలు, ఒక్క పూట

మాకు లారీ ఉందని చెప్తే క్లాసులో సగం మంది నమ్మలేదు. నమ్మినవాళ్లు "అయితే మీరు ఉన్నోళ్లేనబ్బా" అన్నారు. ఈ రెండో రకంవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. మా లారీకి చక్రాలు లేవు. పదమూడేళ్లుగా లేవు.

మా ఇంటి పక్క ఖాళీ జాగాలో ఉండేది. జాగా మాది కాదు. ముందు ఇరుసు కింద రెండు బండరాళ్లు, వెనక ఇరుసు కింద చెక్క దిమ్మెలు, వాటి మీద కూర్చుని ఉండేది. దాని కింద కోళ్లు పొదిగేవి. వీధి పిల్లలు దాగుడుమూతలు ఆడితే మొదట వెతికే చోటు అదే. పోస్టాయనకి మా ఇంటి గుర్తు కూడా అదే.

టాటా 1613, 1998 మోడలు. కేఏ-34, అంటే మన బళ్లారి నంబరే. మా నాయన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో 2006లో కొన్నాడు. నేను పుట్టిందీ ఆ ఏడే. చైనావాళ్లు ఇనుప ఖనిజం ఎంత తవ్వితే అంత కొంటున్న రోజులవి. సండూరు నుంచి లోడు ఎత్తితే దించేదాకా నిద్ర లేదు, దించితే మళ్లీ లోడు. నాకు ఆ రోజుల్లోవి గుర్తున్నవి రెండే. ఒకటి నాయన చొక్కాలు. ఎర్రమన్ను పట్టి ఎన్నిసార్లు ఉతికినా ఇటుక రంగులోనే ఉండేవి, అమ్మ వాటిని వేరే బకెట్‌లో నానేసేది. రెండోది హారన్. వీధి మలుపులో రెండుసార్లు కొడితే నేను గేటు దగ్గరికి ఉరికేదాన్ని.

2011 జులై 29న సుప్రీంకోర్టు మన జిల్లాలో మైనింగ్ ఆపేయమంది. ఎందుకు ఆపిందో మీ అందరికీ తెలిసిన కథే, అది తప్పని నేను అనను. కొండలు ఎలా అయ్యాయో చూశాం కదా. కానీ ఆ రోజు నుంచి లారీలు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. కొందరు అమ్ముకున్నారు, కొందరివి ఫైనాన్స్‌వాళ్లు ఎత్తుకుపోయారు. మా నాయనకి ఇంకా ఏడు కంతులు మిగిలున్నాయి. బండికి మాత్రం చక్రాలు ఏడున్నాయి. ముందు రెండు, వెనక పక్కకి రెండు చొప్పున నాలుగు, ఒక స్టెప్నీ. టైర్లు అప్పుడే మార్పించినవి, బాగున్నాయి. ఆయన ఒక్కొక్కటీ విప్పి అమ్ముకుంటూ కంతులు కట్టాడు. మధ్యలో ఇంటి ఖర్చులూ వచ్చి పడ్డాయి, కాబట్టి లెక్క ఏడుకి ఏడు సరిపోలేదు, కొంత అమ్మ గాజులు కూడా పోయాయి. చివరికి బండి మాదయింది. కదలని బండి.

అప్పటి నుంచి నాయన వేరేవాళ్ల లగేజీ ఆటో నడుపుతున్నాడు. అమ్మ ఇంట్లోనే జీన్స్ కుట్టడం మొదలుపెట్టింది. మన ఊళ్లో జీన్స్ కుట్టని వీధి ఏదిలే, అందులో వింతేం లేదు. వింతేమిటంటే, ప్రతి ఆదివారం పొద్దున నాయన ఆ చక్రాలు లేని లారీ దగ్గరికి పోయి మధ్యాహ్నం దాకా ఏదో ఒకటి చేసేవాడు. ఒకసారి డోర్లకి రంగు. ఒకసారి డీజిల్ ట్యాంకు కడగడం. ఎవరిదో బ్యాటరీ తెచ్చి ఇంజను స్టార్ట్ చేస్తే వీధంతా పొగ, పక్కింటి అత్త తిట్లు. "దీన్ని బాగు చేసి ఏం చేస్తావు నాయనా" అంటే ఒకసారి నీళ్ల ట్యాంకర్ అనేవాడు, ఒకసారి వడ్ల లోడుకి సిరుగుప్ప పక్క తిప్పుతా అనేవాడు.

నిజం చెప్తున్నా, నేను దాన్ని పాత ఇనుముకి అమ్మేద్దామన్న పక్షంలో ఉన్నదాన్ని. ఖాళీ బండి ఐదు టన్నుల పైన తూగుతుంది. గుజరీలో కిలోకి ఎంతిస్తారో కనుక్కొని నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేసి పెట్టుకున్నా. దాంతో అమ్మకి మంచి జూకీ మిషను, నాకు లాప్‌టాప్, ఇంకా మిగులు. అమ్మ కూడా నా పక్షమే. "గుజరిగె హాకిబిడోణ రీ" అని ఏడాదికి రెండుసార్లైనా అనేది. మా ఇంట్లో అమ్మది కన్నడ, నాయనది తెలుగు. ఒకరి భాషలో ఒకరు మాట్లాడరు, ఇద్దరికీ రెండూ వచ్చు. పోట్లాట కూడా అట్లాగే, రెండు భాషల్లో జరుగుతుంది. కానీ ఈ మాటకి మాత్రం నాయన ఏ భాషలోనూ జవాబు చెప్పేవాడు కాదు.

ఆయుధపూజ నాడు మాత్రం మాకు సిగ్గుగా ఉండేది. అందరూ బండ్లు కడిగి, పూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మా నాయన కూడా లారీ కడిగేవాడు, కుంకుమ పెట్టేవాడు. నిమ్మకాయలు నాలుగూ తీసుకుపోయి ఆ రాళ్ల పక్కన పెట్టి వచ్చేవాడు. వాటిని తొక్కేదేం లేదు. రెండు రోజులకి ఎండిపోయేవి.

మొన్న సంక్రాంతి అయిన వారానికి జాగా ఓనరు వచ్చాడు. స్థలం అమ్మేశాడు, కొన్నవాళ్లు నెలలో పునాది తీస్తారట. మర్యాదగానే చెప్పాడు. "క్రేన్ పెట్టించమంటారా, లేకపోతే గుజరీవాళ్లని పంపమంటారా, ఇక్కడికే వచ్చి గ్యాస్ కటింగ్ చేసి ముక్కలుగా తీసుకుపోతారు" అన్నాడు. ముక్కలు అన్న మాటకి నాయన లారీ వైపు చూశాడు. తర్వాత "నేను తీసుకుపోతా" అన్నాడు.

ఎక్కడికి? సిరుగుప్ప రోడ్డులో మా మామ పొలంలో రేకుల షెడ్డు ఉంది. నాలుగు కిలోమీటర్లు. క్రేనూ దానికో ట్రైలరూ అంటే మా రెండు నెలల అద్దె. కాబట్టి దానికి ఎలాగో చక్రాలు తొడిగి ట్రాక్టరుతో లాగించుకుపోవాలి. అమ్మ బియ్యం డబ్బాలో నుంచి ఆరు వేలు తీసి బల్ల మీద పెట్టింది. జీన్స్ డబ్బులు. "ఇష్టే" అంది. అంటే ఇంతే, ఇక అడగొద్దని.

అప్పుడు మొదలయింది చక్రాల వేట. నాయనకి తోడు నేను ఎందుకు పోయానంటే, ఆయన బేరం ఆడలేడు. అమ్మే పంపింది.

ముందు నాకు లారీ చక్రం గురించి ఏమీ తెలీదు. ఆరు చక్రాల బండికి ఆరు కావాలనుకున్నా. నాయన నవ్వి "ఖాళీ బండి కదా పాపా, వెనక జతలో ఒక్కొక్కటి ఉంటే చాలు. నాలుగు" అన్నాడు. టైరు మీద 9.00-20 అని, 10.00-20 అని రాసి ఉంటుంది. ముందుది టైరు వెడల్పు, వెనక ఇరవై రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. ఒకే ఇరుసుకి రెండు పక్కలా ఒకే సైజు ఉండాలి, లేకపోతే బండి కుంటుతుంది. ముందు ఒక రకం, వెనక ఒక రకం అయితే ఆ నాలుగు కిలోమీటర్లకి ఫర్వాలేదు. టైరు నున్నగా అరిగినా ఫర్వాలేదు. గాలి ఒక్క పూట నిలబడితే చాలు. ఇన్ని "ఫర్వాలేదు"లు ఉన్నాయి కదా, చవకగా దొరక్కపోతాయా అనుకున్నా.

కౌల్ బజార్ పక్కన ఒక గుజరీకి పోయాం. లోపలికి అడుగుపెడితే రిమ్ములు ఇడ్లీ ప్లేట్లలాగా ఒకదాని మీద ఒకటి. టైరుతో సహా ఒక్కోటి నాలుగున్నర వేలన్నాడు. నాలుగంటే పద్దెనిమిది వేలు. "పని కాగానే తెచ్చి ఇచ్చేస్తాం భాయ్" అంటే, తెచ్చిస్తే సగం ధరకి తీసుకుంటానన్నాడు. నేను గట్టిగా బేరమాడి మూడు వేల తొమ్మిదొందలకి దించాను. చాలా గొప్పపని చేశాననుకున్నా, కానీ పదిహేను వేల ఆరొందలు చేతిలో ఉంటే కదా.

"ఒట్టి రిమ్ములు తీసుకుందామా నాయనా, టైరు లేకుండా?" అన్నాను. ఆయన కోప్పడలేదు. రోడ్డు మీద ఇనుప రిమ్ము ఆనితే తారు తెగుతుంది, బండి జారుతుంది, ఆపలేం అని చెప్పాడు. చెప్తూ చెప్తూ ఒక గుట్ట దగ్గర ఆగాడు. పైనున్న రిమ్ము మీద మట్టి బొటనవేలితో తుడిచాడు. నేను ఫోను లైటు వేశా. ఇనుము మీద నాలుగు అంకెలు పంచ్ కొట్టి ఉన్నాయి. మా లారీ నంబరు. దొంగతనం కాకుండా ఓనర్లు అట్లా కొట్టించుకుంటారట. ఏడింటిలో ఒకటి, ఎన్ని చేతులు మారిందో, ఇక్కడికి చేరింది. నాయన ఏమీ అనలేదు, దాని ధర అడగలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకొని "పోదాం పా" అన్నాడు.

మరుసటి ఆదివారం ట్రాక్టరు ట్రాలీ చక్రాలు చూశాం. మామ ఊళ్లో ఒకాయన ఊరికే ఇస్తానన్నాడు. కానీ రంధ్రాలు కలవలేదు. మా లారీ హబ్బుకి పది బోల్టులు, ఆ చక్రానికి అన్ని రంధ్రాలు లేవు, సైజూ చిన్నది. ఊరికే వచ్చే వస్తువు సరిపోకపోతే ఎంత బాధో అప్పుడు తెలిసింది. ఇంకో పంక్చరు షాపాయన రెండు చక్రాలు రోజు అద్దెకి ఇస్తానన్నాడు. చూస్తే ఒకదానికి లాక్ రింగ్ పగిలి వెల్డింగ్ చేసి ఉంది. పాత లారీ రిమ్ము ఒకే ముక్క కాదు. రిమ్ము, దాని మీద పక్క రింగు, దాన్ని పట్టి ఉంచే లాక్ రింగు. ఆ లాక్ రింగు సరిగ్గా కూర్చోకపోతే గాలి కొట్టేటప్పుడు ఎగిరి మనిషిని తీసుకుపోతుంది. నాయన ఆ రింగు చూడగానే నా భుజం పట్టుకొని వెనక్కి జరిపాడు. అప్పటికి అందులో గాలి కూడా లేదు. అయినా జరిపాడు.

ఆ రాత్రి అమ్మ జీన్స్ జేబులు కుడుతుంటే గుజరీలో చూసిన రిమ్ము సంగతి చెప్పాను. అమ్మ మిషను ఆపింది. ఎట్లా ఉంది, ఏ అంచున పంచ్ ఉంది అని అడిగింది. నాకు ఆశ్చర్యం, అమ్మకి ఆ చక్రాలన్నీ గుర్తున్నాయి. ఏది ఏ నెలలో పోయిందో కన్నడలో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. మొదట స్టెప్నీ, అది కంతుకి. తర్వాత వెనక బయటి రెండూ, కంతుకి. తర్వాత ఒకటి అవ్వ కంటి ఆపరేషన్‌కి. తర్వాత ముందు చక్రం ఒకటి, 2012 జూన్‌లో. "అదు నిన్న ఫీజు" అంది. అది నీ ఫీజు. ఒకటో తరగతి. నాకు యూనిఫాం కొత్తది వేసుకుని బడికి పోవడం గుర్తుంది కానీ, ఆ పొద్దున లారీ ఒక పక్కకి ఒరిగి ఉండటం గుర్తు లేదు. నోట్‌బుక్ వెనక పేజీ లెక్క సంగతి అమ్మకి చెప్పలేదు. తర్వాత ఎప్పుడో ఆ పేజీ చింపేశా.

అమ్మ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టి, నాతో కాదు, బయట అరుగు మీద కూర్చున్న నాయనతో అన్నట్టు అంది: "కొళ్ళోదు యాకె? ఒబ్బొబ్బర హత్ర ఒందొందు కేళ్రి." కొనడం ఎందుకు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి అడగండి. అమ్మ మిషను మోటారు కాలిపోయినప్పుడు ఆమె చేసేది అదే. ఒక ఇంట్లో మోటారు, ఇంకో ఇంట్లో బెల్టు. ఆర్డరు ఆగదు. లారీలకీ అంతే కదా? ప్రతి లారీకీ ఒక స్టెప్నీ ఉంటుంది. ఆదివారం నిలబడి ఉన్న బండ్లకి దానితో పనేముంది? నాలుగు బండ్లు, నాలుగు స్టెప్నీలు, ఒక్క పూట.

ఇంత సులువైన మాట రెండు వారాలు మాకెందుకు తోచలేదని నాయనని అడిగాను. ఆయనకి తోచిందట. మొదటి రోజే తోచిందట. "అడగలేను పాపా" అన్నాడు. ఒకప్పుడు ఆ లారీ స్టాండులో ఆయనా ఒక ఓనరు. వాళ్ల మధ్యకి ఇప్పుడు లగేజీ ఆటో మీద పోయి చక్రం అడగాలి. నేనేమీ అనలేదు. శనివారం సాయంత్రం కాలేజీ అయ్యాక స్కూటీ తీసుకొని నేనే పోయాను.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ పేరా రాయాలా వద్దా అని మేడంని అడిగితే "రాయి" అన్నారు. లారీ స్టాండులో ఒక ఐదారుగురు టీ తాగుతున్నారు. నేను పోయి, "అన్నా, మీ స్టెప్నీ ఒక పూటకి ఇస్తారా?" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు పక్కవాడి వైపు చూసి నవ్వాడు, ఇంకొకడు "మా స్టెప్నీ ఇంట్లో ఉందమ్మా, మా ఆవిడకి తెలీదు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు అర్థం కాలేదు, అర్థమయ్యేసరికి చెవులు కాలిపోయాయి. ఆ మాటకి మగవాళ్ల మధ్య ఇంకో అర్థం ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. మీలో ఎంతమందికి తెలుసో. పెళ్లాం ఉండగా ఉంచుకున్న మనిషిని అంటారు. ఒక మనిషిని విడి చక్రం అనడం.

ఇంటికొచ్చాక ఆ మాట ఎక్కడిదో వెతికాను. తెలుగు డిపార్ట్‌మెంటులో చేరాక వచ్చిన జబ్బు ఇది, తిట్టు తిన్నా దాని వ్యుత్పత్తి కావాలి. స్టెప్నీ అనేది ఒక వీధి పేరు. వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులని ఇద్దరు 1904లో కార్లకి విడి చక్రం తయారుచేశారు. అంతకు ముందు కార్లకి అలాంటిది ఉండేది కాదు, పంక్చరైతే రోడ్డు మీదే కూర్చుని బాగు చేసుకోవాలి. ఆ వీధి పేరే చక్రానికి పేరయి, మన దేశం దాకా వచ్చింది. పాపం ఆ వీధి ఏం చేసింది, ఇలాంటి నవ్వులకి.

వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నా. స్కూటీ తాళం చేతిలోకి తీసుకున్నా కూడా. కానీ పునాది తీసే తేదీ గుర్తొచ్చింది. "నాకు నాలుగు లారీ చక్రాలు కావాలి, పది బోల్టులవి. రేపు పొద్దున తీసుకుపోయి మధ్యాహ్నానికి తెచ్చిస్తాం. మా నాయన బండి పక్క ఊరికి లాగాలి" అని గట్టిగా చెప్పాను, నాయన పేరు చెప్పాను. గొంతు వణికిందో లేదో నాకు తెలీదు. బల్ల చివర కూర్చున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "ఎవరూ? ఎర్ర 1613 ఆయనా? ఆ బండి ఇంకా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. నవ్వినవాళ్ల వైపు తిరిగి "ఆడపిల్ల చక్రం అడిగితే చక్రం ఉందా లేదా చెప్పండ్రా" అన్నాడు. నవ్వు ఆగింది.

ఆయన తన స్టెప్నీ ఇచ్చాడు. ఊరికే కాదు. "మీ నాయన నాకు మూడొందలు బాకీ, 2010 నుంచి. అది తెచ్చి చక్రం తీసుకుపో" అన్నాడు. ఇంకొకాయన ఐదొందలు డిపాజిట్ అడిగాడు. మూడో ఆయన డబ్బు వద్దు, నీ స్కూటీ తాళం పెట్టు, చక్రం వచ్చాక తాళం ఇస్తానన్నాడు. నాలుగోది ఎవరిచ్చారో చెప్తే నమ్మరు, మొదట నవ్వినవాడే. "సారీ పాపా" అని మాత్రం అనలేదు. "గాలి చూసుకో, కొంచెం తక్కువుంది" అన్నాడు.

నాయనకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడొందలు కాదు, రెండొందలే బాకీ" అని లేచి ఆటో తాళం తీసుకున్నాడు.

ఆదివారం తెల్లవారి నాలుగున్నరకి లేచాం. ఒక్కో చక్రం తొంభై కిలోల పైనే ఉంటుంది. దాన్ని ఎత్తరు, నిలబెట్టి దొర్లిస్తారు. నాయన నాకు చెప్పిన మొదటి పాఠం: "అది పడిపోతుంటే పట్టుకోవద్దు. పడనీ. మనం పక్కకి జరగాల." రెండోసారి నిజంగానే పడింది. చప్పుడుకి వీధంతా లేచింది. పక్కింటి అత్త తిట్టడానికి బయటికొచ్చి, చక్రాలు చూసి, ఊరికే నిలబడిపోయింది.

నేను భయపడింది బోల్టుల గురించి. పదమూడేళ్లు ఎండా వానా తిన్న ఇనుము కదా, నట్టు ఎక్కుతుందా? నాయన హబ్బు దగ్గర కూర్చొని టార్చి నా చేతికిచ్చాడు. బోల్టులన్నిటికీ గుడ్డ పీలికలు చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టి ఉన్నాయి. చాకుతో ట్యూబు కోశాడు. లోపల పీలిక గ్రీజుతో తడిసి నల్లగా ఉంది, ఒక మూల మాత్రం నీలం. జీన్స్ గుడ్డ. అమ్మ కత్తిరించి పడేసే ముక్కలు. అది విప్పితే కింద బోల్టు మర నిన్న షాపులో కొన్నట్టు మెరిసింది. పది బోల్టులు, నాలుగు హబ్బులు, నలభై. ఆదివారాలు ఆయన అక్కడ ఏం చేసేవాడో నాకు అప్పుడు కొంత తెలిసింది. ప్రతి ఏడూ విప్పి, గ్రీజు పూసి, కొత్త పీలిక కట్టేవాడట. చక్రాలు లేని బండికి.

నట్లు వేళ్లతోనే ఎక్కాయి. ఎడమ పక్కవి తిరగేసి తిప్పాలి, అది తెలీక నేను ఒకదానితో కుస్తీ పట్టి తిట్లు తిన్నాను. ఎడమ చక్రం ముందుకి తిరిగేటప్పుడు మామూలు మర అయితే వదులవుతుందట, అందుకని పాత బండ్లకి ఎడమ వైపు మర తిరగేసి ఉంటుంది. బ్రేకు డ్రమ్ములు రెండు పట్టేసుకుంటే సుత్తితో తట్టి వదిలించాడు. జాకీ దించుతుంటే లారీ మెల్లగా రాళ్ల మీద నుంచి టైర్ల మీదికి దిగింది. దిగేటప్పుడు ఒక మూలుగు లాంటి చప్పుడు చేసింది. టైర్లు కొంచెం నొక్కుకుపోయి ఆగాయి. గాలి నిలబడింది.

అమ్మ బయటికి వచ్చి నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఈసారి రాళ్ల పక్కన కాదు.

మామ ట్రాక్టరు తెచ్చాడు. గొలుసు కాదు, ఇనుప కడ్డీతో కట్టారు. మా బండికి బ్రేకు లేదు కాబట్టి గొలుసైతే ట్రాక్టరు ఆగినప్పుడు వెనక నుంచి గుద్దేస్తుంది. నాయన స్టీరింగ్ దగ్గర, నేను వెనక చక్రం పక్కన చెక్క దిమ్మె పట్టుకొని నడవాలి. బండి వెనక్కి జారితే చక్రం కింద దిమ్మె పెట్టాలి. లారీ భాషలో ఆ పని చేసేవాణ్ణి క్లీనర్ అంటారు. నాలుగు కిలోమీటర్లు నేను బి.ఏ. రెండో సంవత్సరం క్లీనర్‌ని. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి వీడియో తీశారు, మీలో ఎవరికైనా వచ్చి ఉంటే ఆ దిమ్మె పట్టుకున్నది నేనే.

కాలువ దగ్గర ఎక్కుడులో ఒకసారి ట్రాక్టరు ఆగింది. నేను దిమ్మె పెట్టాను. చక్రం దాని మీదికి ఒక అంగుళం ఎక్కి ఆగింది. అంతే జరిగింది, కానీ నా కాళ్లు పొలం చేరేదాకా వణుకుతూనే ఉన్నాయి. వీధి దాటేటప్పుడు నాయన హారన్ కొట్టాలని చూశాడు. బ్యాటరీ లేదు కదా, మోగలేదు. అలవాటుగా రెండుసార్లు నొక్కాడు.

పదకొండుకి షెడ్డులో పెట్టేశాం. పన్నెండుకి మళ్లీ జాకీ ఎత్తి, రాళ్లు పెట్టి, చక్రాలు విప్పేశాం. దాన్ని చూస్తే పొద్దున ఎలా ఉందో మళ్లీ అలాగే ఉంది, జాగా మాత్రమే మారింది. రెండున్నరకి నాలుగు స్టెప్నీలూ ఎవరివి వాళ్లకి ముట్టాయి, నా స్కూటీ తాళం నాకొచ్చింది, డిపాజిట్ ఐదొందలు తిరిగి వచ్చింది. పెద్దాయన మూడొందలూ తీసుకొని, వందకి నాయనతో ఒక గంట వాదించి, ఇద్దరూ ఆ వందతో టీ, బోండాలు తిన్నారు. లెక్క చూస్తే జాకీ అద్దె, ట్రాక్టరు డీజిలు, ఒక పంక్చరు, ఆటో పెట్రోలు, బాకీ, అన్నీ కలిపి రెండు వేల నూట ఎనభై. మిగతాది అమ్మ కన్నడలో లెక్కపెట్టి మళ్లీ బియ్యం డబ్బాలో వేసింది.

సాయంత్రం నాయన మళ్లీ పొలానికి బయల్దేరాడు. బోల్టులు అట్లాగే వదిలేస్తే రాత్రి మంచుకి తుప్పు పడతాయట. గ్రీజు డబ్బా తీసుకొని, గడపలో నిలబడి, ఏదో అడగబోయి ఆగాడు. అమ్మ మిషను దగ్గర నుంచి లేవలేదు. పక్కనున్న కవరు కాలితో ముందుకి తోసింది. అందులో నీలం పీలికలు, ఒకే కొలతకి కత్తిరించినవి. నేను లెక్కపెట్టాను. నలభై ఉన్నాయి.